రెండు కొత్త లింకులు

ఆ శనివారం సాయంత్రం మా అన్న సైకిలు చైను విప్పి నా సైకిలుకు వేసుకున్నాను. అడగలేదు. అడిగితే ఇవ్వడని కాదు, అడగడం నాకు నామోషీ అనిపించింది.

హోసూరులో నాతో పనిచేసే అతని దగ్గర పాత రేసు సైకిలు కొన్నాను. ఐటీఐ చదివే రోజుల్లో అలాంటిదాని మీదే పందేలకు పోయేవాణ్ణి. పెళ్లయ్యాక మానేశాను. జవళగిరిలో మా ఇంటి ముందు నెల రోజులు కూర్చుని తుప్పు గీకాను, బేరింగులు కడిగాను, వంకరపోయిన చక్రాలు సరిచేశాను. చైను ఒక్కటే పనికిరాలేదు. తెల్లవారితే ఫ్యాక్టరీ వాళ్లతో కృష్ణగిరి డ్యాము దాకా పోవాలి.

"ఏమప్పా, తల నెరిసినాక రేసా? ఆడ పడితే ఎత్తేదానికి ఎవరుండారు?" అని వదిన నవ్వింది.

"పోనీలే. వాని కాళ్లు ఇంకా గట్టిగానే ఉండాయి" అన్నాడు అన్న.

ఆ మాట విన్న గంటకే ఆయన సైకిలు దగ్గర కూర్చున్నాను. రోజూ రెండు పాల క్యాన్లు తగిలించుకుని సొసైటీకి పోయే సైకిలు అది. చైను కొత్తది. నా సైకిలుకు రెండు లింకులు పొడుగైతే తీసేశాను. ఆ రెండింటినీ నా పాత చైనుకు కలిపి, పిన్నులు సుత్తితో కొట్టి, తుప్పు కనబడకుండా నూనె పూసి ఆయనకు వేశాను. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున అన్న పాలతో సొసైటీకి పోతూ ఎత్తులో లేచి నిలబడి తొక్కుతుంటే, నేను కలిపిన చోటే తెగింది. క్యాన్లతో సహా కుడి చేతి మీద పడ్డాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి చేతికి కట్టుతో అరుగు మీద ఉన్నాడు. తెగిన చైను ఒళ్లో ఉంది.

"రేసులో అందరికన్నా ముందర పోయినావా?"

"పోయినానన్నా."

చైను ఎత్తి చూపించాడు. నూనె తుడిచేసి ఉంది. అంతా తుప్పు, చివర రెండు లింకులు మాత్రం మెరుస్తున్నాయి.

"ఈ రెండూ నావి. తక్కినవి ఎవరివప్పా?"

"నీకు చైను అమ్మిన అంగడోడు మోసం చేసినాడేమో" అన్నాను.

అన్న నా సైకిలు వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు.

మరునాడు ఇద్దరి ముందూ నిజం చెప్పాను. "మాకు నిన్ననే తెలుసు. అంగడోని మీద చెప్తివే, దానికి ఏడ్చినాను" అన్నది వదిన. కట్టు విప్పాక కూడా ఆయన పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. ఆ చేతికి తప్ప మా ఆవు పాలు చేపేది కాదు. వదినకు అలవాటు పడేదాకా సగం పాలు పొదుగులోనే నిలిచిపోయాయి.

పడ్డప్పుడు అన్న సైకిలు ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగిపోయింది. నా రేసు సైకిలుకు వంపు హ్యాండిలు తీయించి తిన్నటిది వేయించాను, బరువు మోసే చక్రాలు, క్యారియరు పెట్టించాను. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు అడిగి తీసుకున్నాను. పొద్దున పాలు నేనే తీసుకుపోయేవాణ్ణి.

క్యాన్లు తగిలించే ముందు అన్న వచ్చి, ఎడమ చేత్తో చైనును లింకు లింకూ తడిమి చూసేవాడు. అది అయ్యేదాకా హ్యాండిలు పట్టుకుని నిలబడేవాణ్ణి.