తలుపు గడియతో చేసిన డ్రిల్లు

నా చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పదో తరగతికి వచ్చేసరికి ఆ తొందరంతా చేతుల్లోకి దిగింది. తాడేపల్లిగూడెంలో మా ఇంటి వసారాలో కూర్చుని, సర్క్యూట్ బోర్డుకి కన్నాలు వేసే యంత్రం ఒకటి తయారుచేశాను. పాడైన టేప్‌రికార్డరు మోటారును తలుపు గడియకు కట్టి, ఆ గడియను ఒక చెక్కకు నిలువుగా బిగించాను. గడియ కిందికి లాగితే మోటారు కొసన తిరుగుతూ కన్నం వేసే సన్నటి బిట్టు తిన్నగా బోర్డు మీదికి దిగాలి.

కొల్లేరు పక్కన మా అమ్మమ్మగారి ఊళ్లో వానాకాలం నీళ్లు గుమ్మందాకా వచ్చేవి. నీళ్లు ఎక్కగానే మోగే అలారం కోసం ఆ బోర్డు. సోమవారానికి అది మోగితేనే ఏలూరు సైన్స్ ప్రదర్శనకు నన్ను పంపుతామని, లేదంటే వేరే అమ్మాయి వెళ్తుందని మాస్టారు చెప్పేశారు. శనివారం మధ్యాహ్నానికే నాలుగు బిట్లలో మూడు విరిగాయి. బెజవాడ వెళ్తే తప్ప మళ్లీ దొరకవు. నాకు ఏడుపొక్కటే తక్కువ. గడియ విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. కాలుగాలిన పిల్లిలా వసారా అంతా తిరిగాను.

ఆ వసారాలోనే మా మేనత్త జాకెట్లు కుట్టేది. నన్ను పిలిచి, తన మిషన్ ముందు కూర్చోబెట్టి, ఓ పాత గుడ్డ ఇచ్చి కుట్టమంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ నా కొంప మునుగుతుంటే ఈవిడకు కుట్టుపనా అనుకుంటూ విసురుగా తొక్కాను. గుడ్డ సూదితోపాటే పైకి లేచింది, పక్కకి జరిగింది. సూది కాస్తా టిక్కుమని విరిగింది.

అత్త తిట్టలేదు. గుడ్డను నొక్కిపట్టే ఇనప పాదం పైకే ఉండిపోయింది, చూడమంది. నేను కూర్చోకముందు దాన్ని ఎత్తి ఉంచింది తనేనని అప్పుడు అర్థమైంది.

“పాదం దించకుండా కుడితే సూదేం చేస్తుందే? ఇందాకట్నించీ చూస్తున్నాను, పైనున్నదాన్నే బిగిస్తున్నావు. కిందున్నదాన్ని ఎవరు పట్టుకున్నారమ్మా?”

ఎవరు పట్టుకున్నారు? నా ఎడమచేతి రెండు వేళ్లు, అంతే. బిట్టు పైకి వచ్చేటప్పుడల్లా బోర్డూ దాంతోపాటు లేస్తోంది. తప్పంతా గడియ మీదికి నెట్టి మూడు బిట్లు విరగ్గొట్టుకున్నాను. సిగ్గేసింది. బోర్డుకి ఒక పక్క చెక్క ముక్క అడ్డంగా వేసి మేకులు కొట్టాను. రెండో పక్క ఏం చెయ్యాలో తోచక చూస్తుంటే, అత్త కుట్టాల్సిన జాకెట్లు అవతల పెట్టి వచ్చి కింద కూర్చుంది. అరచేత్తో ఆ కొస నొక్కిపట్టి, కానియ్యమంది. ఆఖరి బిట్టు ఆఖరి కన్నందాకా నిలిచింది. సోమవారం అలారం మోగింది. ఏలూరు వెళ్లాను. బహుమతి రాలేదు లెండి.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడుతున్నాయి. పాలిటెక్నిక్ ల్యాబులో పిల్లలకు ఇదే పని నేర్పుతున్నాను. తొందర తగ్గిందా అంటే, ఏమీ తగ్గలేదు. బిట్టు విరగ్గొట్టుకుని బిక్కమొహం వేసిన పిల్లను చూస్తే ఇప్పటికీ తిట్టు నోటిదాకా వస్తుంది. అది మింగేసి, వెళ్లి పక్కన కూర్చుని, బోర్డు రెండో కొసను అరచేత్తో నొక్కిపట్టుకుంటాను.