తలుపు పక్కన సుద్దగీత

మా మేనత్త పాడేటప్పుడు దేనికీ బెదరదని అందరూ అనేవారు. శుద్ధ అబద్ధం! ఆవిడ భయమంతా అక్కడే. ఇంట్లో మాత్రం మా నాన్నని గడగడలాడించేది.

ఆ రోజుల్లో ఊరంతా ఈల వేసుకుంటూ తిరిగిన పాటల్లో సగానికి వెనక ‘ఆ...’ అంటూ వినబడే బృందంలో ఆవిడ గొంతుంది. రికార్డు మీద పేరు పెద్ద గాయనిది, అది వేరే సంగతి. ఒకటే గది, ఒకటే మైకు. వాయించేవాళ్లూ పాడేవాళ్లూ అందరూ ఒక్కసారే. ఒకరు తప్పితే పాట మళ్లీ మొదటికి. ఎవరి గొంతుకి ఎంత దూరమో చూసి, పొద్దున్నే నేల మీద సుద్దతో గీతలు గీసేవారు. అత్తది గట్టి గొంతు కాబట్టి ఆఖరి గీత, తలుపు పక్కన.

ఒకసారి జ్వరం వచ్చి ఆవిడ కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. ఎవరికీ చెప్పలేదు. చెవిటిదాన్ని పాటకి ఎవరు పిలుస్తారు? ఆ గీత పోయాక తను బతికి ఏం లాభమని అనుకునేది. వాద్యాలు లీలగా వినబడేవి. మిగతాదంతా సంగీతం చేసే మాస్టారి చెయ్యి చూసి పట్టుకునేది. చెయ్యి లేస్తే పాడటం, దిగితే ఆపడం. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చింది, రోజూ హడలిపోతూ.

ఒక ఎండాకాలం, పాట ఎనిమిదోసారి పాడుతున్నారు. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాన్లు ఆపేశారు. పెద్ద గాయని గొంతు అప్పటికే అలిసిపోయింది. చరణం చివర అందరూ ఒక్క క్షణం ఆగాలి. ఆ నిశ్శబ్దంలో మాస్టారు నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తారు. అత్త ‘ఆ...’ అని అందుకుంది. ఒక్కతే!

“నా గుండె జారిపోయిందే అమ్మాయ్. ఇంక నా పని అయిపోయిందనుకున్నా,” అని ఎన్నో ఏళ్ల తర్వాత నాతో చెప్పేది.

పెద్ద గాయని మాత్రం తడబడకుండా ఆ రాగాన్నే అందుకుని పల్లవిలోకి వెళ్లిపోయింది. పాట పూర్తయింది. మాస్టారు అత్తని వేలితో పిలిచి, అటు తిరిగి హార్మోనియం మూస్తూ ఏదో అన్నారు. ఒక్క ముక్క వినబడలేదు. మళ్లీ చెప్పమంటే చెవి సంగతి బయటపడుతుంది. “సరేనండి,” అని వచ్చేసింది. ఉంచారో, తీసేశారో కూడా తెలియకుండా!

ఆ సాయంత్రం ముద్ద దిగలేదు.

“ఏంటే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు?” అన్నాడు మా నాన్న.

“నీ పని నువ్వు చూసుకోరా!” అని కసిరి, కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు వెళ్లి చూస్తే తలుపు పక్కన నేల శుభ్రంగా ఉంది. గీత లేదు. తీసేశారన్నమాట. వెనక్కి తిరిగి చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే ఎవరో చెయ్యి పట్టి లాగారు. పెద్ద గాయని!

“ఎక్కడికి పోతున్నావు? ఎంత పిలిచినా పలకవేం? నీ గీత ఇవాళ్టి నుంచి మైకు దగ్గర, నా పక్కన. నిన్న నువ్వు అందుకున్న ఆ ‘ఆ...’ మాస్టారికి తెగ నచ్చింది, నీకు చెప్పలేదూ?”

సంతోషించాలి కదా! అత్తకి ముచ్చెమటలు పోశాయి. అక్కడ నిలబడితే మాస్టారు వెనకుంటారు, కుడి చెవి వాద్యాలవైపు ఉంటుంది. చెయ్యి కనబడదు, ఏమీ వినబడదు. ఇంక దాచడం తన వల్ల కాలేదు.

“మాస్టారూ, నాకు కుడి చెవి వినబడదండి. ఎడమది సగమే. మీ చెయ్యి చూసి పాడుతున్నాను. నిన్న... మీరు చెమట తుడుచుకున్నారు, అంతే.”

మాస్టారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. నడిచి వచ్చి, మైకు దగ్గరి ఆ గీతని కాలితో బరబరా చెరిపేశారు. అత్త కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఆయన మైకుకి అవతలివైపు వంగి, తన చెయ్యి కనబడేచోట, ఎడమ చెవి వాద్యాలవైపు ఉండేలా కొత్త గీత గీస్తున్నారు. తర్వాత ఆవిడ ఎదురుగా నిలబడి, ఈసారి గట్టిగా చెప్పారు.

“ఇక్కడ నిలబడు. ఇకమీదట చెమట కళ్లలోకి కారినా తుడుచుకోనులే.”