అద్దాలకు పోసిన నీళ్లు

ఎమ్మిగనూరు దగ్గర పల్లె బడిలో నేను సైన్సు టీచర్ని. పోయిన ఎండాకాలం తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆదోని దారిలోని సోలార్ ప్లాంటుకు తీసుకెళ్లాను.

"వానలు తప్పిన కాలంలో కరెంటిచ్చి మనల్ని కాపాడేవి ఈ సోలార్ ప్యానెళ్లే" అని ఎండలో గొంతు చించుకుంటున్నాను. అంతలో నీళ్ల ట్యాంకరు వచ్చింది. కూలీలు ప్యానెళ్ల మీది దుమ్ము కడగసాగారు. పిల్లలంతా ఖాళీ సీసాలతో అటు పరుగెత్తారు.

"యాడికి పోతాండారు?" అని అరిచాను.

"మా ఊరికి ట్యాంకరు వచ్చి శానా దినాలైంది సార్. ఈడ అద్దాలకు పోస్తాండారు!" అంది రంగమ్మ అనే అమ్మాయి.

ఆ పిల్లే సీసా నింపుకొచ్చి, "శానాసేపు మాట్లాడినారు, తాగండి సార్" అని ముందు నాకే ఇచ్చింది.

ఈ ఏడాదీ ఆ సోలార్ పాఠం చెప్పాను. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని మాత్రం అడగలేదు.