పొద్దున చెప్పిన అవును

మా మేడం పోయారు. మొన్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట, ఏ బాధా పడలేదట. ఏడుపుతో పాటు హమ్మయ్య అని కూడా అనిపించింది. మంచాన పడి ఒకరి చేత చేయించుకోవడమంటే ఆవిడకి ఒళ్ళు మంట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరులో ఆవిడ నడిపిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను పని నేర్చుకున్నాను. మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రామ్ రాశాం. ఎవరి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎవరు బయటికి తీసుకెళ్ళొచ్చో ఊళ్ళోని ఆఫీసు కంప్యూటర్‌లో ఉండేది. ఊరి బయట గేటు దగ్గరున్న కంప్యూటర్ వచ్చే ప్రతి మనిషి గురించీ ఫోన్ లైన్ మీద దాన్ని అడగాలి. ఆ లైన్ కలిసేసరికి టీ చల్లారిపోయేది. సీజన్లో లారీలు రోడ్డు దాకా ఆగిపోతుంటే మేడం ఒక ఉపాయం చేశారు. ఒకసారి ఫలానా మనిషికి అవునని జవాబొస్తే, గేటు దాన్ని సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుంటుంది, మళ్ళీ అడగదు. లారీలు చకచకా కదిలాయి. మేము తెగ మురిసిపోయాం.

ఒకరోజు మేము ఊళ్ళోని ఆఫీసులో ప్రింటర్ బాగుచేస్తుండగా సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చింది. భర్త లేడు, ఆ ఏటి పంటంతా ఆ కోల్డ్ స్టోరేజీలోనే ఉంది. సరుకు తీసే అధికారం మరిదికిచ్చింది. ఇప్పుడు ఆమెకి చెప్పకుండా అమ్మేయబోతున్నాడట. ఆఫీసు వాళ్ళు అప్పటికప్పుడే అతని పేరు తీసేశారు.

"ఇంక ఆయన తీసుకెళ్ళలేడు కదండీ?"

"లేడమ్మా, నిశ్చింతగా ఉండు" అన్నారు మేడం.

"పొద్దున శాంపిల్ తీసుకొచ్చాడండి. ఇప్పుడు లారీ తోలుకెళ్ళాడు."

మేడం మొహం పాలిపోయింది. పొద్దున శాంపిల్‌కి వెళ్ళాడంటే గేటు దగ్గర అతని పేరుకి అవును అనే జవాబు భద్రంగా ఉంది. అక్కడికి ఫోన్ చేస్తే ఎంగేజ్. ఉన్న ఒక్క లైనూ కంప్యూటరే పట్టుకుని కూర్చుంది.

"తప్పు నాదేనమ్మా. మర్చిపోవడం నేర్పలేదు దానికి. పద" అని లేచారు. ముగ్గురం ఆటో ఎక్కాం.

మేము వెళ్ళేసరికి నిండు లారీ మీద తాళ్ళు బిగిస్తున్నారు. గేటు ఇంకా తీయలేదు.

"కంప్యూటర్ ఒప్పుకుంది గదండీ!" అన్నాడు గుమాస్తా.

"ఒప్పుకుంది పొద్దున. ఇప్పుడు అడగవయ్యా." ఆవిడే కూర్చుని దాచిన జవాబులన్నీ చెరిపేసి, మళ్ళీ అడిగించారు. చాలాసేపటికి లైన్ కలిసింది. అనుమతి లేదని వచ్చింది.

మరిది కేకలేశాడు. "పొద్దున లేని అడ్డు ఇప్పుడేందండీ?"

"పొద్దుటికీ ఇప్పటికీ మధ్యలో మీ వదినగారు ఆఫీసుకొచ్చారండి" అన్నారు మేడం.

టిక్కీలు దించారు.

ఆ వారమే ప్రోగ్రామ్ మార్చారు. పేరు తీసేయగానే ఆ కబురు గేటుకి వెళ్ళాలి. నిల్వ ఎంతుందో చూసుకోవడానికి పాత జవాబు చాలు. సరుకు బయటికి పోవాలంటే మాత్రం ప్రతిసారీ కొత్తగా అడగాల్సిందే. లారీ డ్రైవర్లు విసుక్కున్నా ఆవిడ వినలేదు. ఆఖరికి నా టీలో చక్కెర సంగతి కూడా రోజూ అడిగేవారు. "నిన్న చెప్పానుగా మేడం" అంటే, "అది నిన్నటి మాట కదయ్యా" అనేవారు. అప్పట్లో చిరాకు పడేవాణ్ణి గానీ, ఇవాళ నేను రాసే ప్రతి ప్రోగ్రామ్‌లో ఆవిడ పెట్టిన భిక్షే ఉంది.

లారీ ఆపిన ఆ సాయంత్రం మేము బయల్దేరుతుంటే ఆ రైతు ఒక టిక్కీ మూతి విప్పి, వద్దు వద్దంటున్నా మేడం కొంగులో దోసిళ్ళతో మిరపకాయలు పోసింది. ఆటోలో దారంతా ఆవిడకి ఒకటే తుమ్ములు. ముక్కు ఎర్రబడింది, కళ్ళు ధారలు కడుతున్నాయి. సంచిలో వేస్తానంటే ఇవ్వలేదు. ఆ కొంగుమూటని రెండు చేతులా ఒళ్ళో పట్టుకుని, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నవ్వుతూ, "ఇవి తప్ప ఒక్క కాయ బయటికి పోలేదయ్యా!" అన్నారు.