ఇరుసుకు కొసరి వడ్డించిన నూనె

నిన్న మా ఊరు ఇర్వింగ్‌లో కారు సర్వీసింగ్‌కి ఇచ్చి కూర్చున్నాను. లోపల ఎవరిదో ట్రక్కు వెనక ఇరుసు విప్పినట్టున్నారు, గంధకం కలిసిన గేర్ ఆయిల్ వాసన గుప్పుమంది. కుర్చీలో కుదురుగా ఉండలేక పార్కింగ్ లాట్‌లో పచార్లు మొదలుపెట్టాను. ఆ వాసన తగిలితే నా కాళ్లు ఇప్పటికీ ఒకచోట నిలవవు.

కొన్నేళ్ల కిందట మాకొక పాత మోటార్‌హోమ్ ఉండేది. మా దివాణం తాతగారి హయాంలోనే కరిగిపోయింది కానీ, పడగ్గదీ వంటగదీ వెంటబెట్టుకుని ప్రయాణం చేయడంలో నాకేదో పాత దర్జా కనిపించేది. అప్పుడే, మా ఊరికి ఒకరోజు ప్రయాణం దూరాన కమ్మింగ్‌లో ఉన్న అక్కకి సోమవారం ఉదయం గుండె ఆపరేషన్ అన్నారు. "లోపలికి తీసుకెళ్లే ముందు నిన్నొకసారి చూడాల్రా" అని ఫోన్ చేసింది. ముప్పై ఏళ్లుగా నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్క పెళ్లాడింది మా దివాణం గుమాస్తాగారి అబ్బాయిని. ఆయన ఇంజనీరై, నాకంటే ముందే ఈ దేశం వచ్చి, యంత్రాల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేను మాత్రం గుమాస్తా కొడుకు దగ్గరే ఆగిపోయాను. వాళ్లింట్లో దిగకుండా ఆస్పత్రి దగ్గర మా బండిలోనే ఉండొచ్చని మోటార్‌హోమ్ తీశాను.

ఆదివారం మధ్యాహ్నం అలబామాలో బ్రేకు సరిగా పట్టలేదు. పక్కన ఆపి చూస్తే కుడివైపు వెనక చక్రం లోపలంతా నూనె. ఫోన్ చేసిన మెకానిక్కులందరూ మంగళవారం అన్నారు. తుడిచాను, బండి చుట్టూ తిరిగాను, మళ్లీ వంగి చూశాను. ఇంకో చుక్క. మళ్లీ తిరిగాను.

"మీరెన్నిసార్లు వంగినా అది ఆగదండీ. అన్నయ్యగారికి ఫోన్ చేశాను, బయల్దేరారు" అంది నా భార్య.

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటారుగా!"

వాళ్ల కూతుర్ని అక్క దగ్గర కూర్చోబెట్టి, ఆయన మూడు గంటల్లో వచ్చారు. అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరారు. "ఏమోయ్ బావమరిదీ, దివాణం కిందనుంచి కారుతోందే!" అంటూ ఇరుసు మధ్యనున్న బిరడా తిప్పారు. నూనె ఆయన మోచేతిదాకా దూకింది. "ఇంత పోసిన మహానుభావుడెవడోయ్? ఇరుసుకి కొసరి కొసరి వడ్డించాడు!"

పోసింది నేనే. రంధ్రం అంచుదాకా వస్తే ఆపాలని పుస్తకంలో ఉంది. కొలిచి పోయడం, అంచు దగ్గర చెయ్యి ఆపడం మా ఇంట్లో నామోషీ. అందుకని బండిని పక్కకి ఒరిగేలా వాలులో నిలిపి, మరో సీసా పట్టించి మరీ బిరడా బిగించాను. దూరప్రయాణపు వేడికి పొంగిన నూనె, చక్రం దగ్గర నూనెని ఆపే అరిగిన సీలుని తోసుకుని బ్రేకు మీదికి వచ్చింది.

"గరాజ్ వాడే అయ్యుంటాడు అన్నయ్యగారూ" అని నా భార్య నాకు దారి చూపించింది. ఆ అబద్ధం నా నోట్లోనూ సిద్ధంగా ఉంది.

"నేనే పోశాను, బావగారూ" అన్నాను.

ఆయన బండి కిందనుంచి తల బయటపెట్టి చూశారు. అన్నేళ్లూ పెళ్లిళ్లలో ఎదురుపడితే "ఇదిగో", "ఏమండీ"లతో నెట్టుకొచ్చాను కానీ, ఆ పిలుపు నా నోట రావడం అదే మొదలు.

"అనుకున్నాలే" అన్నారు. "కడుపు నిండినవాడి విస్తట్లోనే మీ ఇంట్లో ఇంకా వడ్డిస్తారని మా నాన్న చెప్పేవాడు." పైకి వచ్చి చేతులు తుడుచుకున్నారు. "బ్రేకుకి నూనె పట్టింది, ఇది కదలదు. మీ అక్క ఎదురుచూస్తోంది, కారెక్కు."

నా భార్య వెనక నేనూ ఎక్కాను. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. తెల్లవారి స్ట్రెచర్ మీదనుంచి అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో టిఫిన్ తిన్నావా?" అని మాత్రం అడిగింది. తిన్నానంటే కళ్లు మూసుకుంది.

ఆపరేషన్ తర్వాత నాలుగేళ్లు బతికింది. నెలకోసారైనా వెళ్లేవాణ్ని, వెళ్లినప్పుడల్లా ఏదో మిగిలిపోయినట్టే ఉండేది. అంతకుముందటి ముప్పై ఏళ్లని కాలం నా దగ్గర్నుంచి లాక్కోలేదు. గుమ్మం దాకా వచ్చినవాటిని నేనే వద్దని తిప్పి పంపాను.