బావిలోకి తిప్పిన వాన

మొన్న మా మేడ మీద గదిలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి, డాబా మీంచి బావిలోకి దిగే ఆ లావుపాటి గొట్టం ఎందుకని అడిగింది. వాన నీటికి అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ గొట్టం తలుచుకుంటే నాకు మా అత్తయ్య గుర్తొస్తుంది. ఆవిడ గురించి మొదలుపెడితే నేను తొందరగా ఆపలేను.

మాది బెంగాలీల మధ్య తెలుగువాళ్లూ స్థిరపడ్డ రైల్వే ఊరు. అత్తయ్య కాపురం చాలా ఏళ్లు ఇక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వే క్వార్టర్లోనే గడిచింది. అక్కడ నీళ్లు వేళకు వచ్చి వేళకు పోయేవి. అందుకని ప్రతి ఇంట్లోనూ కుళాయి విప్పే ఉంచి, కింద ఖాళీ బకెట్టు పెట్టేవారట. బకెట్టులో దబదబ మోత వినిపిస్తే, వంటలో ఉన్నా, పక్కింట్లో కబుర్లలో ఉన్నా ఆడవాళ్లంతా లేచి పరుగు. మావయ్య వర్క్‌షాపులో రిటైరయ్యాక ప్రేమ్ బజార్ వెనక ఇల్లు కట్టారు. పెరట్లో బావి, దానికి మోటారు, డాబా మీద ట్యాంకు, పైన విద్యార్థులకు రెండు గదులు. గృహప్రవేశం నాడు అత్తయ్య గోడల్ని చేత్తో తడిమి చూసుకోవడం నాకింకా గుర్తు. ఇల్లు మారినా అలవాటు మాత్రం మారలేదు. పెరటి కుళాయి నేను కట్టేస్తే ఆవిడ విప్పేది.

"కట్టీస్తే నీల్లొచ్చినట్టు ఎలా తెలుస్తాదే అమ్మీ?"

"ట్యాంకులో ఎప్పుడూ నీల్లుంటాయి కదా అత్తా!"

"ఎప్పుడూ ఉండే నీల్లు నానెక్కడా సూడనేదు."

కుళాయి కారేది, ట్యాంకు ఖాళీ అయ్యేది, మోటారు పొద్దస్తమానం మోగేది.

మావయ్య పోయాక ఒక వైశాఖంలో ఆవిడ మాటే నిజమైంది. బావి ఎండిపోయింది. నీళ్లు లేకుండా తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది. గదుల్లో పిల్లలు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. మా ఆయన విసిగిపోయి, ఇల్లు అమ్మేసి గోల్‌బజార్ దగ్గర ఫ్లాటు తీసుకుందామన్నారు. అత్తయ్య పెరట్లోకి వెళ్లి కుళాయి కట్టేసింది. ఎంత గట్టిగా బిగించిందంటే, తర్వాత దాన్ని విప్పడం నా వల్ల కాలేదు. నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. "ఈ వానాకాలం ఎల్లీదాకా ఆగరా నాయినా" అని కొడుకుని బతిమాలింది. ఆ వయసులో సొంత ఇంటి కోసం ఆవిడ అలా బతిమాలుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మా డాబా నీళ్లు పక్కింటి బెంగాలీ దీదీ గుమ్మంలో పడతాయని ప్రతి వానకీ తగువే. ఆ ఏడు తొలివానకే ఆవిడ గొడుగేసుకుని వచ్చి, "మాషీమా, మీ నీళ్లు మీ ఇంట్లోనే ఉంచుకోండి!" అని అత్తయ్య మీద హిందీలో అరిచింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే అత్తయ్య, కాసేపు బావి వైపు చూసి, "ఠీక్ హై" అంది. దీదీ పాపం, తగువు లేక బిత్తరపోయి వెనక్కి వెళ్లింది. మర్నాడే అత్తయ్య కబురంపితే మేస్త్రీ వచ్చి, డాబా మీంచి బావిలోకి గొట్టం వేశాడు. ముందుగా పడే వాన డాబా కడిగి బయటికి పోవాలి, ఆ తర్వాతది గులకరాళ్లూ ఇసుకా నింపిన తొట్టిలోంచి బావిలోకి దిగాలి. ముసురు పట్టిన రోజు నేను ఆ గొట్టం పక్కన నిలబడ్డాను. మా కప్పు మీద పడ్డ వానంతా హోరుమంటూ నేలలోకి దిగుతోంది. ఒక్క చిన్న డాబా మీద ఇంత నీరు పడుతుందా! ఇన్నేళ్లూ ఇంతా వీధి పాలు చేశామా!

మళ్లీ ఎండలు ముదిరాయి. ఒక పొద్దున మా ఆయన బావిలోకి చేద వదిలారు. అత్తయ్య గోడ పట్టుకుని నిలబడింది. తాడు సాగుతూనే ఉంది. అడుగున చేద బుడుంగున మునిగింది. ఆవిడ కొడుకు చేతిలోంచి తాడు లాక్కుని తనే తోడింది. తను తాగి, నా దోసిట్లో పోసింది.

"శ్రావణంలో కురిసినాయే ఇవి" అంది మెల్లగా.

ఇల్లు అమ్మే మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. కాలం గడిచిపోతుందనే అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ పొద్దున, గడిచిపోయిన వానాకాలాన్ని దోసిట పట్టి తాగాను.