ఆంటీ పలకని పేరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నా గట్టి నమ్మకం. ఒకపక్క మెదడు ఆపరేషన్లు నేర్చుకుంటూ, ఇంకోపక్క ల్యాబ్‌లో మనుషుల పేర్లు మెదడులో ఎక్కడ దాక్కుంటాయో అని రీసెర్చ్ వెలగబెడుతున్నాను. (నిద్రపోవడం ఒక్కటే తక్కువ.) అప్పుడే ఈ పరాయి దేశంలో మా హాస్పిటల్‌కి, పక్కనున్న అరోరా ఊరి నుంచి ఒక తెలుగు ఆంటీ వచ్చింది. మాటలు పుట్టే చోటుకి ఆనుకుని కణితి. ఇలాంటివాళ్లని మెలకువగా ఉంచే ఆపరేషన్ చేస్తాం, మెదడుకి నొప్పి తెలియదు కాబట్టి. ఒక్కోచోట సన్నగా కరెంటు తాకిస్తూ బొమ్మలు చూపిస్తాం. మాట ఆగిపోయిన చోటిని ముట్టుకోం. హాస్పిటల్లో తెలుగొచ్చిన డాక్టర్ని నేనొక్కదాన్నే, అందుకని బొమ్మల పని నాకిచ్చారు.

ఆవు, గరిటె, చెప్పులు... ఆంటీ గడగడా చెప్పేస్తోంది. మధ్యలో "ఏమ్మా, అలా చిక్కిపోయావేంటి, అన్నం తింటున్నావా?" అని నాకే పరీక్ష పెట్టింది. సరే, ఇప్పుడు నా రీసెర్చ్ వంతు అనుకుని, ఆ పొద్దున్నే అంకుల్‌ని అడిగి తెచ్చుకున్న ఆయన ఫోటో పెట్టాను. "ఈయన పేరేంటి ఆంటీ?" ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అడిగాను. పెదవి ఒకపక్కకి వంకరపోయింది. ఫిట్స్ కూడానా, దేవుడా! "స్టాప్! స్టాప్! పేర్లు పోతున్నాయి!" అని అరిచాను. కరెంటు లేకుండా అదే ఫోటో ఇంకోసారి చూపించి చూడాలి, మాకు నేర్పే మొదటి పాఠమే అది. పేర్లుండే చోటు దొరికిందన్న సంబరంలో నాకది తట్టనే లేదు. ఆపరేషన్ చేస్తున్న మా బాస్ కణితిలో ఆ ముక్క వదిలేసి కుట్లు వేసేశారు.

మర్నాడు వార్డులో అడిగితే ఆంటీ సిగ్గుపడిపోయింది. "అంతమంది మగవాళ్ల ముందు ఆయన పేరు ఎలా చెప్తానమ్మా? నువ్వు మరీనూ!" ఆ వంకర పెదవి నవ్వాపుకోవడమట! (మా అమ్మ నాన్నని పేరు పెట్టే పిలిచేది, అదీ వీధి చివరికి వినపడేలా. నాకెలా తెలుస్తుంది?) పరుగెత్తుకెళ్లి బాస్‌తో చెప్పాను. ఆయన ఆంటీ స్కాన్ ఇంకోసారి తీసి చూశారు. తర్వాత, "పద, వాళ్లిద్దరికీ మనమే చెప్దాం" అన్నారు. చెప్పాం. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి తల తెరవడం నావల్ల కాదు, ఉండనీయండి" అంది.

ఏడాదిన్నరకి ఆ ముక్కే పెరిగింది. ఒక్కో మాటా పోయింది, ఆ తర్వాత ఆంటీ పోయింది.

పలకరించడానికి వెళ్తే అంకుల్ గుమ్మంలోనే అడిగారు. "ఆవిడ మాట పోయే లోపల నా పేరు ఎప్పుడైనా అందామ్మా, నీ దగ్గర?" లేదన్నాను. "అనదు. నలభై ఏళ్లు అడిగాను" అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చేశారు. "ఆ ఒక్కరోజు అనేసుంటే ఏం పోయేదమ్మా?"

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది. ఆపరేషన్ ముందురోజు పేషెంట్ పక్కన కూర్చుని, మీ నోట రాని పేర్లేమిటని అడుగుతాను. కుర్ర డాక్టర్లు వెనక నవ్వుకుంటారు. నవ్వనీ. ఫోటో పట్టుకుని గెలిచానని అరిచిన ఆ పిల్ల గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. దాని చెవి మెలిపెట్టి, "ముందు ఆవిణ్ణి అడగవే!" అనాలనిపిస్తుంది.